కెప్టెన్ చేతికి చీపురు

బాలనర్సమ్మ పద్దెనిమిదేళ్లు కెమెరా ముందు ఇళ్లు ఊడ్చింది. ఇందులో ఒక్క ముక్క కూడా ఎక్కువ చెప్పడం లేదు, కావాలంటే ఆమెనే అడగండి. తెల్లారకముందే సూరారంలో జూనియర్ ఆర్టిస్టుల వ్యాన్ ఎక్కడం, ఎక్కడ దింపితే అక్కడ దిగడం, ఇచ్చిన చీర కట్టుకోవడం. చీపురిస్తే ఊడవాలి, పాడె చూపిస్తే ఏడవాలి. సీరియల్‌లో అత్తగారు మెట్లు దిగి వస్తుంటే వెనకాల మసకమసకగా నేల తుడుస్తూ ఒక ఆకారం కనిపిస్తుంది చూడండి, అదే ఈమె. అన్నేళ్లలో ఒక్క పాత్రకీ పేరన్నది లేదు. "ఏయ్, ఆకుపచ్చ చీర, కొంచెం జరుగు" అంటే జరిగేది. యాభై నాలుగేళ్లొచ్చాయి, భర్త వీరయ్య పోయి ఆరేళ్లయింది, ఆమె ఇంకా ఆకుపచ్చ చీరే.

అట్లాంటి మనిషిని తీసుకొచ్చి అన్వేష్ అంతరిక్ష నౌకకు కెప్టెన్ను చేశాడు.

అన్వేష్‌ది మేడ్చల్. 'ఏడో కక్ష్య' అనే సీరియల్ రాసిందీ తీసిందీ అతనే. మూడొందల ఏళ్ల తర్వాత భూమి బతకడానికి పనికిరాకుండా పోతుంది, నాలుగొందల మంది ఒక నౌకలో కొత్త నేల వెతుక్కుంటూ పోతుంటారు, అదీ కథ. కెప్టెన్ పాత్రకు ఎందరినో చూశాడు. అందరూ గొంతు బిగబట్టి అరిచేవాళ్లే. ఒకరోజు వేరే సీరియల్ సెట్‌లో మధ్యాహ్నం భోజనాల లైను. ప్రొడక్షన్ మనిషొకడు జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. బాలనర్సమ్మ కంచం పట్టుకుని వాడి వైపు తిరిగింది.

"లైన్ల నిలబడు. నీకొక్కనికే అయితదా ఆకలి? ఎనకున్నోళ్లయి కడుపులు గావా?"

గొంతు పెంచింది లేదు, తిట్టింది లేదు. వాడు మాత్రం కిక్కురుమనకుండా వెళ్లి చివర నిలబడ్డాడు. ఆ పక్కనే ఉన్న అన్వేష్ తినడం మానేసి ఆమెనే చూస్తూ ఉండిపోయాడట. మర్నాడే కబురు పెట్టాడు.

"ప్యాంటు తొడుగుమంటే నాతోని కాదు సారూ" అంది ఆమె మొదట. తర్వాత తొడిగింది.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో మూతపడిన కోళ్ల షెడ్డొకటి అద్దెకు తీసుకుని సెట్ వేశారు. గోడల నిండా కోడిగుడ్ల ట్రేలు అతికించి వెండిరంగు కొట్టారు. మేడ్చల్‌లో ఎత్తేసిన సెలూన్ నుంచి తిరుగుడు కుర్చీ తెచ్చి కెప్టెన్ సీటు చేశారు. ఎంత కడిగినా కోళ్ల వాసన పోలేదు. టీవీలో వాసన రాదు కాబట్టి సరిపోయింది.

బాలనర్సమ్మకు చదువు రాదు. అదేమీ అడ్డం కాదు, సీరియళ్లలో చదువుకున్న వాళ్లు కూడా డైలాగు నేర్చుకుని రారు. కెమెరా వెనక అసిస్టెంటు ఒక్కో ముక్కా చదువుతుంటాడు, ఆర్టిస్టు విని అప్పజెబుతుంది. దాన్నే ప్రాంప్టింగ్ అంటారు. అన్వేష్ ఆమె దగ్గర ఆ పద్ధతి మార్చాడు. "పెద్దమ్మా, నేను సంగతి చెప్తా. మాట నీది" అన్నాడు. అతను, "నౌక దిశను మార్చండి, ఎవరినీ వదిలి వెళ్లేది లేదు" అని చదివితే, ఆమె తిరుగుడు కుర్చీలోంచి లేచి, "ఓడను తిప్పుండ్రి. ఒక్కన్ని గూడ ఇడిసిపెట్టి పోయేది లేదు" అంది. షెడ్డంతా చప్పట్లు. పాత్ర పేరు మార్చే పని కూడా పెట్టుకోలేదు అన్వేష్. మూడొందల ఏళ్ల తర్వాత మాత్రం బాలనర్సమ్మలు ఉండరా ఏంది, అన్నాడు. తెర మీద 'కెప్టెన్ బాలనర్సమ్మ' అని పడ్డ రోజు ఆమె కోడలు భవాని అది చదివి వినిపించింది. మళ్లీ చదవమని మూడుసార్లు అడిగింది అత్త.

సూరారం గల్లీలో ఇక చూడాలి ఆమె దర్జా. నీళ్ల ట్యాంకరొస్తే బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు, "ఒక్కన్ని గూడ ఇడిసిపెట్టేది లేదు" అంటూ లైను కట్టేవాళ్లు. పక్కింటి జరీనా కనిపించినప్పుడల్లా చెయ్యెత్తి సలాం కొట్టి, "బాలనర్సక్కా, జహాజ్ ఎప్పుడు దిగుతది? నాకన్న చెప్పరాదు జల్ది" అని ప్రాణం తీసేది. భవాని కొంపల్లిలో మూడు విల్లాల్లో పని చేస్తుంది. పెద్ద విల్లా పిల్లలు ఒకరోజు గేటు దగ్గరే అటెన్షన్‌లో నిలబడి, "కెప్టెన్ గారి కోడలా మీరు?" అని అడిగారట. అంతకుముందు ఆ ఇంట్లో ఎవరూ ఆమెను మీరు అనలేదు. ఇంటికొచ్చి ఆ మాట చెబుతుంటే భవాని మొహం కళకళలాడిపోయింది. అది చూసి బాలనర్సమ్మ కడుపు నిండిపోయింది.

రేటింగ్ పడిపోయింది. నూట ముప్పయ్యో ఎపిసోడ్‌కి ఇంకా పడింది.

ఛానల్ మేడమ్ కారు దిగి, ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని షెడ్డులోకి వచ్చింది. అందర్నీ కుర్చీలేసి కూర్చోబెట్టింది. మాట మాత్రం తేనె.

"చూడండి, సీరియల్‌ని మేము ఆపట్లేదు. కొత్తగా మొదలుపెడుతున్నాం, అంతే. హీరోయిన్ కళ్లు తెరుస్తుంది. తను ఇన్నాళ్లూ కోమాలో ఉంది. నౌక, గ్రహాలు, అంతా కల. ఇప్పుడామె కొంపల్లిలో పెద్దింటి కోడలు. శత్రుగ్రహం రాణి ఎవరో కాదు, వాళ్ల అత్తగారే. పైలట్ వాళ్లాయన. ఎవర్నీ తీసెయ్యట్లేదు, అందరూ ఉంటారు. కలలో ఇంట్లోవాళ్లే కదా కనిపిస్తారు?"

"మరి నేను మేడమ్?" అడిగింది బాలనర్సమ్మ.

"మీరు లేకపోతే ఎలాగండీ? మీరు ఆ ఇంటి పనిమనిషి. నర్సి. కామెడీ మొత్తం మీ మీదే."

తల కొట్టేసినట్టయింది ఆమెకు. పద్దెనిమిదేళ్లు ఊడ్చి ఊడ్చి ఒక్కసారి నడుమెత్తి నిలబడితే, అది కల అట! మళ్లీ చీపురు పట్టుకోవడం నిజమట! పైగా నూట ముప్పై రోజులు పలికిన పేరులో సగం కోసేసి చేతిలో పెడుతున్నారు. మేడమ్ కారెక్కేదాకా ఓపిక పట్టి, షెడ్డు వెనక్కి పోయి అన్వేష్‌ను పట్టుకుంది.

"బిడ్డా, ఓడల నాలుగొందల మంది ఉన్నరు. వాళ్లేమైతరు?"

"కల కదా పెద్దమ్మా. ఏమీ అవ్వరు."

"గట్లెట్ల? మా గల్లీల రోజు అడుగుతరు నన్ను. ఒక్కన్ని గూడ ఇడువ అని అందరి ముంగట చెప్పిన. దింపు బిడ్డా వాళ్లను. నన్ను సంపెయ్, ఏం ఫికర్ లేదు. ఓడ మాత్రం దింపు."

అన్వేష్ మంచివాడే. మంచివాడు కావడం వల్ల ఒరిగిందేమిటో ఇప్పటికీ నాకు అర్థం కాదు. "ఒక్క సీను తీస్తా పెద్దమ్మా, మేడమ్‌కి నేను చెప్పుకుంటా" అని ఆమె చేతిలో చెయ్యేసి మరీ అన్నాడు. నాలుగు రోజుల తర్వాత ఆమె వెళ్లేసరికి గోడల మీద గుడ్ల ట్రేలు లేవు. ఎక్కడికీ పోని మెట్లు లేచాయి, సోఫాలొచ్చాయి, పూజగది వచ్చింది. తిరుగుడు కుర్చీకి ఎర్ర ముఖమల్ గుడ్డ తొడిగి అత్తగారికి వేశారు. అన్వేష్ ఎదురుపడ్డాడు గానీ ఆమె మొహంలోకి చూడలేదు. సీను సంగతి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

ఆ పూట షూటింగ్ ఆమెది కాదు. కొలతలకు పిలిచారంతే. ఇంటికొచ్చి కొంగు విసిరికొట్టి మంచమ్మీద కూలబడింది.

"ఇగ పోను. థూ, గిదేం బతుకు! నా చేత మళ్ల చీపురు పట్టిస్తరట. పనిమనిషినట, పనిమనిషి!"

కూర తరుగుతున్న భవాని చెయ్యి ఆగింది.

"పనిమనిషైతె ఏమాయె అత్తమ్మా? నేను జేస్తలేనా?"

నోరు జారడం అంటే అదీ. కోడలు ఆ మాట కోపంగా కూడా అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

"చీపురు పట్టుడు నాకు నామోషి గాదు బిడ్డా" అంది బాలనర్సమ్మ. "నన్ను జూసి నవ్వుతరు. నా మాట జూసి నవ్వుతరు. గది నాతోని కాదు."

"నవ్వేటట్టు జెయ్యకు. కెప్టెన్ లెక్కనే జెయ్యి. పనిమనిషి నెత్తి ఎత్తి మాట్లాడితె ఎట్లుంటదో సూడనియ్యి వాళ్లను. మస్తుంటది."

మంచి మాట అనిపించింది. పిచ్చిదాన్ని చేసి రాసుకోనీ, రాసేది వాళ్లు, పలికేది నేను కదా అనుకుంది. కోడలి తలమీద చెయ్యి పెట్టి, "సరే, నీ మీద ఒట్టు. నిన్ను నవ్వులపాలు గానియ్య" అంది. భవానికి నవ్వొచ్చింది, ఒట్లెందుకు అత్తమ్మా అంటూ కూర పొయ్యి మీద పెట్టింది.

షూటింగ్ రోజు రానే వచ్చింది. సీను ఇదీ: హీరోయిన్ సోఫాలో కూర్చుని ఇంటిల్లిపాదికీ తన కల చెబుతుంటుంది. "మన నర్సి ఆ నౌకకి కెప్టెన్ అత్తయ్యా!" అంటుంది. అత్తగారు ఎర్ర కుర్చీలోంచి, "ఏదీ, ఒక ఆర్డరు వెయ్యవే నర్సీ" అంటుంది. నర్సి చీపురు కత్తిలా పైకెత్తి ఆర్డరు వేసి, తను తుడిచిన తడి మీద తనే జారి పడుతుంది. అందరూ పకపకా నవ్వుతారు. హీరోయిన్ వేషం ప్రియాంకది. నౌకలో కెప్టెన్ పక్కన కూర్చుని దారి చూపించే పిల్లగా నూట ముప్పై ఎపిసోడ్లు చేసింది. కెమెరా లేనప్పుడు కూడా బాలనర్సమ్మను కెప్టెన్ అనే పిలిచేది.

కెమెరా వెనక ఇప్పుడు ఎవరో కొత్త అసిస్టెంటు. ఎక్కడివాడో గానీ, కాగితం పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు.

"గిట్ల గీ ఓడను గట్ల గా దిక్కుకు తిప్పుండ్రి గీ గిప్పుడే..."

"గిదెవ్వల మాట నాయినా?" అంది బాలనర్సమ్మ.

"మీ యాసే కదమ్మా. ఇంకొంచెం దట్టించి చెప్పండి, గీ గా అని ఎక్కువ పడాలి. మేడమ్ చెప్పారు."

"యాస గాదు. మేం మాట్లాడుకునేది. మా అవ్వ మాట్లాడింది, మా నాయిన మాట్లాడిండు. గీ గా అని గింజలు సల్లినట్టు సల్లం మేము."

అతను అన్వేష్ వంక చూశాడు. "పెద్దమ్మ ఇష్టం" అన్నాడు అన్వేష్ గొణిగినట్టు. మోకాళ్ల నొప్పులు, జారి పడడం తన వల్ల కాదంది ఆమె. అబద్ధమే, ఆ మోకాళ్లకు ఏ నొప్పీ లేదు. అన్వేష్ దానికీ తలూపాడు.

యాక్షన్ అన్నారు. అత్తగారు ఆర్డరు వెయ్యమంది. బాలనర్సమ్మ చీపురు పైకెత్తలేదు. పక్కన నిలువుగా పట్టుకుని నిటారుగా నిలబడింది. సోఫాలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ చూసింది. కోళ్ల షెడ్డు ఏమైందో గానీ ఆమె కళ్లకు మాత్రం ఆ నాలుగొందల మందీ కనిపించారు.

"ఓడను తిప్పుండ్రి. ఒక్కన్ని గూడ ఇడిసిపెట్టి పోయేది లేదు."

లైట్లు పట్టుకున్న వాళ్లు కూడా అట్లాగే నిలబడిపోయారు. ప్రియాంక కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి, మొహం పక్కకు తిప్పుకుంది. అన్వేష్ "ఓకే" అన్నాడు. మానిటర్ దగ్గర కూర్చున్న మేడమ్ లేచి వచ్చి బాలనర్సమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"సూపరమ్మా! సరిగ్గా ఇదే కావాలి నాకు. ఇంక మీరు బయల్దేరండి."

ఎంత పొంగిపోయిందో చెప్పలేను. మిగతావాళ్లకింకా పని ఉందట, ఆమెను ముందే ఆటో ఎక్కించి పంపేశారు. ఇంటికొచ్చి భవానికి అంతా చేసి చూపించింది. జరీనాను పిలిచి చెప్పింది. గురువారం ఏడింటికి అందరూ మా ఇంటికే రావాలె, అని గల్లీ అంతటికీ చాటింపు వేసింది. పాపం, పద్దెనిమిదేళ్లు షూటింగుల చుట్టూ తిరిగింది గానీ, చేసిన పనిని తర్వాత ఏం చేస్తారో ఆమె ఒక్కరోజూ చూడలేదు. మసక ఆకారానికి ఎడిటింగ్ గదిలో ఏం పని? కెమెరా ముందు చేసిందే టీవీలో వస్తుందని నమ్మింది.

గురువారం ఏడింటికి గదిలో కాలు పెట్టే సందు లేదు. సీను వచ్చింది. బాలనర్సమ్మ టీవీలో నిటారుగా నిలబడింది. కళ్లు తిప్పి చూసింది. ఆ చూపు కింద ఏదో పీపీ వాయించారు. ఆమె, "ఓడను తిప్పుండ్రి" అనగానే టొయ్ మని చప్పుడు. ఆమె మొహం దగ్గరికొచ్చింది, మళ్లీ వచ్చింది, మూడోసారి మరీ దగ్గరికి వచ్చి, నోరు తెరుచుకుని అక్కడే ఆగిపోయింది. తర్వాత అదే చీర, అదే చీపురు, తడి నేల మీద సర్రున జారిన రెండు కాళ్లు. ఆ కాళ్లు ఆమెవి కావు. పగిలిన మడమలు చూసి గుర్తుపట్టింది, తన వ్యాన్‌లోనే వచ్చే దుర్గమ్మవి. సోఫాలో వాళ్లందరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఎర్ర కుర్చీలో అత్తగారు గిరగిరా తిరుగుతూ నవ్వుతోంది. ప్రియాంక అందరికంటే ఎక్కువ నవ్వుతోంది. ఆటో ఎక్కించి పంపాక వాళ్లకున్న పని అదన్నమాట.

గదిలో కూడా ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే ఇంకొకరు. జరీనా కూడా నవ్వేసి, బాలనర్సమ్మ మొహం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మాఫ్ చెయ్యి అక్కా, ఆగలే" అంది.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. నవ్వనీకే గదా తీసిండ్రు" అంది బాలనర్సమ్మ. అందరూ వెళ్లాక టీవీ ముందు అట్లాగే కూర్చుంది. భవాని అన్నం పెట్టి ఇస్తే వద్దంది. అన్వేష్‌కు ఫోన్ చేసింది, ఎత్తలేదు. మళ్లీ చేస్తే స్విచాఫ్ వచ్చింది. చేతగాని సన్నాసి, అని అతన్ని తిట్టుకుంది, కాసేపటికి ఆ తిట్టేదో తనకే తగిలినట్టనిపించి ఊరుకుంది.

మర్నాడు పొద్దున భవాని ఎప్పట్లాగే కొంపల్లి పోయింది. రోజూ రెండింటికల్లా ఇల్లు చేరేది, ఆ రోజు నాలుగు దాటాక వచ్చింది. చెప్పులు విడిచి, కుండలో నీళ్లు ముంచుకు తాగి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఏమైంది బిడ్డా? గింతసేపేంది?"

"చుట్టాలొచ్చిండ్రు పెద్దింట్ల."

"వస్తే?"

భవాని చెప్పడానికి ఇష్టపడలేదు. అత్త వదల్లేదు. చివరికి చెప్పింది. ఆ ఇంటామె ఫోన్‌లో ఆ సీను పెట్టి చుట్టాలందరికీ చూపించిందట. ఇదిగో, ఆమె కోడలు మా ఇంట్లోనే పని చేస్తుంది, అందట. హాల్లోకి పిలిచిందట. మాప్ కర్ర చేతిలో పెట్టి, మీ అత్తలాగా ఒకసారి చెప్పవే అందట. పిల్లలు ఫోన్లు పైకి పట్టుకుని నిలబడ్డారట.

"చెప్పినవా?"

"చెప్పిన."

"ఎందుకు జెప్పినవే? కర్ర ఆమె మొఖాన కొట్టి రాకపోయినవా?"

"మూడిండ్లల్ల గదే పెద్దిల్లు అత్తమ్మా. రెండుసార్లు చెప్పమన్నరు. రెండోసారి జారి పడుమన్నరు. జారిన."

బాలనర్సమ్మ రెండు చేతులతో నెత్తి పట్టుకుంది. ఒట్టు పెట్టిన చేతులే. ఎంత ఆపుకున్నా ఏడుపు ఆగలేదు.

"నేను నవ్వియ్యనీకి జెయ్యలే బిడ్డా. నీ మీద ఒట్టు పెట్టిన గదా, పానం పెట్టి జేసిన. నువ్వన్న నమ్ము."

భవాని లేచి వచ్చి అత్త పక్కన కూర్చుంది. కొంగుతో ఆమె మొహం తుడిచింది.

"నాకెరుకే అత్తమ్మా" అంది. "నువ్వు పానం పెట్టి జేసినవ్, గందుకే వాళ్లకు గంత నవ్వొచ్చింది."